రేవుమాటకు వచ్చిన జీవో

మంత్రిగారు చేపల మీద ఏదో మహాసభ ఉందంటే కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవికి వెళ్లారు. చేపల సంగతి అక్కడే వదిలేసి ఒక భాషను పట్టుకుని తిరిగొచ్చారు.

ఆ దీవిలో టాక్సీ నడిపేవాడూ, చర్చిలో ప్రార్థన చేయించే ఫాదరూ, బజారులో అరటికాయలమ్మే ఆవిడా, చట్టసభలో ఉపన్యసించే సభ్యుడూ అందరిదీ ఒకటే మాటట. దాని పేరు పాపియమెంటు. పోర్చుగీసు, స్పానిషు, డచ్చి, ఆఫ్రికా భాషలు కలగలిసి తయారయిందట. ఒకప్పుడు బడిలో ఆ మాట నోట్లోంచి వస్తే పిల్లలకు శిక్ష వేసేవారట, ఇప్పుడు దానికి ప్రభుత్వ భాష హోదా ఉందట. దీవి జనమంతా కలిపితే మన రెండు మండలాలకు సరిపోరు. తిరుగు విమానంలో మంత్రిగారికి కంటిమీద కునుకు లేదు. దిగీ దిగగానే, "అంత చిన్న దీవికి ఉన్నది, ఇంత పొడుగు సముద్రతీరం ఉన్న మనకెందుకు లేదు?" అని విలేకర్లను అడిగారు. విలేకర్లు కూడా తెలియదన్నారు.

పదిహేను రోజుల్లో జీవో వచ్చింది. మొగపాలెం రేవులో సమ్మిశ్ర భాషా ప్రాధికార సంస్థ అనే దాన్ని స్థాపించి, పద్దెనిమిది మాసములలో ఒక సంపూర్ణ మిశ్రమ భాషను ఉత్పత్తి చేసి అర్హులైన ప్రజలకు పంపిణీ చేయవలెనని అందులో ఉంది. మొగపాలెమే ఎందుకయ్యా అంటే, అక్కడ ఉప్పు శాఖవారి భవనం ఒకటి ఖాళీగా పడి ఉంది.

మొగపాలెంలో అలాంటి భాష ఒకటి ముందే ఉందని సచివాలయంలో ఎవరికీ తెలియదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఆ రేవుకు ఒడిశా పడవలొస్తాయి, తమిళ పడవలొస్తాయి. ఇంజన్లు బాగుచేసేవాళ్లు మలయాళీలు, వలలు అల్లేవాళ్లు బెంగాలీలు, ఐసు వ్యాపారం సాయిబులది. వీళ్లందరి మధ్యా చేప కుళ్లకుండా అమ్ముడుపోవాలి. ఆ తొందరలో పుట్టిందే రేవుమాట. దాన్ని భాష అని ఎవరూ అనుకోలేదు. బడిలో ఆ మాట వినిపిస్తే మాస్టార్లు తొడపాశం పెట్టేవారు.

ఆ రేవుమాటను అందరికంటే బాగా మాట్లాడేది సూరాడ కాసులమ్మ. యాభై రెండేళ్ల మనిషి. పడవ ఒడ్డుకొచ్చి చేప కుప్పపోయగానే జెట్టీ గట్టు మీదకెక్కి వేలంపాట పాడుతుంది. "ఆవో సేట్, పారు, తాజా మాచ్ఛొ, లాస్టు మాట సెప్పీ" అంటుంది. సాయిబును హిందీలో రమ్మనడం, తమిళుణ్ణి చూడమనడం, ఒడియావాడికి చేప అని చెప్పడం, తెలుగువాణ్ణి ధర తేల్చమనడం అన్నీ ఆ ఒక్క గుక్కలోనే అయిపోతాయి. ఐసు చెమర్చే లోపల పాట ముగుస్తుంది. పెళ్లికి ముందునుంచీ ఆమెకు అదే పని. ఆ గట్టు మీద నిలబడి పిలిస్తే నలుగురూ తలతిప్పుతారు. ఆమె తిండీ, పరువూ రెండూ ఆ గట్టు మీదే ఉన్నాయి.

సంస్థకు అధ్యక్షులుగా డాక్టర్ పరిమి చిదంబరరావుగారు వచ్చారు. పూర్వం ఆయన ఎన్నో శాఖలు చూశారు, ఏ శాఖా ఆయన వెళ్లిపోయినందుకు బాధపడలేదు. సొంత ఊరు వదిలి వచ్చారు గనక కొడుకునీ కోడలినీ అక్కడే ఉద్యోగాల్లో వేయించుకుని, ఇంకా మాటలు రాని ఏడాది మనవరాలితో సహా కాపురం పెట్టారు. మొత్తం సిబ్బంది అరవై నలుగురు. స్థానికుల కోటాలో గుమాస్తా ధర్మారావు ఒక్కడు. చెప్పులు కుట్టేవాడికి చెప్పులుండవన్నట్టు, మిశ్రమ భాషా సంస్థలో ఇంగ్లీషు తప్ప ఇంకొకటి వినపడేది కాదు.

రేవులో గట్టిగా మాట్లాడే మనిషి ఉందని ధర్మారావు చెబితే కాసులమ్మను పిలిపించి నమూనా వక్తగా కూర్చోబెట్టారు. పొద్దున పాట అయిపోయాక ఆమె వచ్చి సమావేశాల గదిలో ఒక మూల స్టూలు మీద కూర్చునేది. ఆమె దగ్గినా రికార్డు చేసేవారు.

మొదటి సమావేశంలో అధ్యక్షులవారు లేచి నిలబడి నివేదిక చదివారు.

"పాపియమెంటు ఆవిర్భావమునకు దోహదపడిన అంశములను మన అధ్యయన బృందము సమగ్రముగా పరిశీలించినది. ఒకటి, వివిధ భాషలవారిని వారి అభీష్టముతో నిమిత్తము లేకుండా ఒకచోట చేర్చుట. రెండు, బయటికి పోనివ్వకుండుట. మూడు, పని చేయించుట. చారిత్రకముగా దీనినే బానిసత్వము అందురు. ప్రస్తుత చట్టముల ప్రకారము పూర్తిస్థాయి బానిసత్వమునకు అనుమతులు లభించుటలో జాప్యము జరుగవచ్చును. కావున అనుకరణ పద్ధతిలో, అవుట్‌సోర్సింగ్ సిబ్బందితో ప్రయోగము నిర్వహింతము."

కాసులమ్మకు సగమే అర్థమైంది. ఆ సగమే ఎక్కువైంది.

"బాబూ, ఆ దీవిలో మనుసుల్ని గొలుసులు కట్టి తెచ్చినారు గావాల. బాస కోసం తేలేదు గదా. ఆళ్ల ఏడుపు ఆళ్లు ఏడిసినారు, ఆ ఏడుపులోంచి మాటొచ్చింది. మీకు మాట గావాలని మళ్లీ మనుసుల్ని కట్టీస్తారేటి?" అంది.

అధ్యక్షులవారు ఆ మాటలను ఆసక్తిగా విన్నారు. విని, "ఇందులో ఒడియా పదాలెన్ని వచ్చాయి?" అని పక్కవాణ్ణి అడిగారు.

నాలుగు రాష్ట్రాల నుంచి పన్నెండు మంది ఒప్పంద ఉద్యోగులను తెచ్చి పాత ఉప్పు గిడ్డంగిలో పెట్టి తాళం వేశారు. ఎవరి భాష వారు మాట్లాడాలి, ఇంగ్లీషు వాడితే ఒప్పందం రద్దు. పది రోజుల తర్వాత ప్రముఖుల సమక్షంలో తాళం తీశారు. లోపలివాళ్లు ఉమ్మడిగా మూడు మాటలు తయారుచేసుకున్నారు. టీ, కరెంటు, ఎప్పుడు. పది రోజులకు మూడు మాటల చొప్పున నలభై వేల పదాల నిఘంటువుకు మూడు వందల అరవై అయిదేళ్లు పడుతుందని గణాంకాధికారి తేల్చాడు. ప్రభుత్వం పద్దెనిమిది నెలలకు మించి ఇవ్వలేదు. అందుకని భాషను పుట్టించడం మానుకుని కూర్చడానికి నిశ్చయించారు.

కూర్చేటప్పుడు వాటాల పేచీ వచ్చింది. ఏ భాష మాటలు ఎన్ని ఉండాలి? పొరుగు రాష్ట్రాలు నొచ్చుకుంటే ఎలా? ఆరు ఉపసంఘాలు కూర్చుని చివరికి పట్టిక వేశాయి. నూటికి తెలుగు నలభై, ఒడియా ఇరవై, తమిళం ఇరవై, హిందీ పది, మలయాళం అయిదు, బెంగాలీ అయిదు. అంటే ఇరవై మాటల్లో మలయాళానికి ఒకటి, బెంగాలీకి ఒకటి. ఇరవైకి తక్కువ మాటల్లో ఎవరైనా వాక్యం ముగిస్తే ఏదో ఒక రాష్ట్రానికి అన్యాయం జరుగుతుంది. కాబట్టి ఇరవై మాటల లోపు వాక్యము ముగించరాదని వ్యాకరణంలో మొదటి సూత్రం రాశారు. రా, పో, చాలు వంటి అత్యవసర వాక్యాలకు మినహాయింపు ఇచ్చారు గానీ, వాటిలో రాకుండాపోయిన పదాలను బ్యాక్‌లాగ్ కింద తర్వాతి వాక్యంలో భర్తీ చెయ్యాలి.

ఇదంతా కాసులమ్మ మాటల రికార్డుల నుంచే తీశారు. తీసిన తర్వాత వాటిని శుద్ధి చేశారు. శుద్ధి అయ్యాక ధర్మారావు ఒకసారి ఆమెకు వినిపించాడు. ఆమె చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా విని, "ఎవులు బాబూ ఈవిడ, ఒంట్లో బావోలేదేటి?" అని అడిగింది.

భాష తయారయింది గనక దాన్ని వాడాలి. వాడాలంటే వాడనివాళ్లను ఆపాలి. రేవులో గొంతెత్తి పిలిచే పని చేసే ప్రతివారూ సమ్మిశ్ర భాషలో పట్టా పొందవలెననీ, పట్టా లేనివారు బహిరంగముగా పిలిస్తే శబ్దకాలుష్యముగా పరిగణించబడుననీ మరో జీవో వచ్చింది. కాసులమ్మ పెద్దగా పట్టించుకోలేదు. నా మాటలే గదా, నాకు రావా అనుకుంది.

పరీక్షరోజు ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. చేప వేలం పాడమన్నారు. ఆమె లేచి నిలబడి, గొంతు సవరించుకోకుండానే, "ఆవో సేట్, పారు, తాజా మాచ్ఛొ, లాస్టు మాట సెప్పీ" అంది. పరీక్షకులు వేళ్లు మడిచారు.

"ఎనిమిది మాటలు. ఇంకా పన్నెండు బాకీ," అన్నాడు మొదటాయన.

"బెంగాలీకి, మలయాళానికి ప్రాతినిధ్యం శూన్యం. లాస్టు అన్నది పట్టికలోనే లేదు," అన్నాడు రెండో ఆయన.

మూడో ఆయన నెమ్మదిగా రాసుకున్నాడు: "అభ్యర్థి ఏమాత్రము ఆలోచించకుండా, మిక్కిలి వేగముగా మాట్లాడుచున్నారు. ఇది భాషపై పట్టు లేనివారి లక్షణము."

తాతకు దగ్గులు నేర్పడం అనే మాట మనకుంది. ఇక్కడ తాతకు దగ్గడం రాదని కాగితం మీద రాసిచ్చారు. కాసులమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "నానేటి తప్పు మాటాడినాను బాబూ? మాటాడితే అర్తం గాలేదా?" అని అడిగింది. అర్థమవడం పరీక్షాంశాల్లో లేదన్నారు.

ఆమె స్థానంలో భార్గవ అనే పట్టభద్రుడు వచ్చాడు. మంచివాడే పాపం, నూటికి తొంభై ఆరు తెచ్చుకున్నాడు. మెడలో పట్టిక వేసుకుని గట్టెక్కి పిలవడం మొదలుపెట్టాడు. పదకొండో మాట దగ్గర ఐసు కరగడం మొదలైంది. పదిహేనో మాట దగ్గర చేపలు కొనడానికొచ్చిన నజీర్ సేటు బండి తిప్పుకుని పక్క రేవుకు పోయాడు. పందొమ్మిదో మాట బెంగాలీది కావాలని భార్గవ పట్టికలో వెతుక్కుంటుంటే మిగిలినవాళ్లు కూడా పోయారు. రెండు పడవల వంజరం చేప మెత్తబడిపోయి, కొబ్బరి తోటలకు ఎరువుగా వెళ్లింది. పడవలవాళ్లు సంస్థ గేటు దగ్గర కూర్చుని తిట్టారు. వేలంలో వాక్యనిర్మాణము నూటికి నూరుపాళ్లు సక్రమముగా జరిగినది, చేపల విషయము మత్స్యశాఖకు సంబంధించినది అని సంస్థ జవాబిచ్చింది.

కాసులమ్మ రెండు నెలలు ఇంట్లో కూర్చుంది. పొద్దున్నే పడవల చప్పుడు వినపడితే కాళ్లు వాటంతటవే వాకిట్లోకి వెళ్లేవి. గట్టు ఎక్కితే పోలీసు కేసు. మనిషికి తిండి లేకపోతే ఎవరో ఒకరు పెడతారు, పిలిచే గొంతు ఉండి పిలవకుండా కూర్చోవడం ఎవరూ తీర్చలేని కష్టం. చివరికి ధర్మారావు చేత అర్జీ రాయించుకుని అధ్యక్షులవారి దగ్గరికి వెళ్లింది.

ఆయన జాలిపడ్డారు. "అమ్మా, నిబంధనలు నా చేతిలో లేవు. అయితే మా ఉద్యోగినుల పిల్లల గదిలో ఆయా పోస్టు ఖాళీగా ఉంది. దానికి భాషార్హత అక్కర్లేదు. అయిదేళ్ల లోపువారు భాషా వినియోగదారుల నిర్వచనం కిందికి రారు," అన్నారు.

ఆమె ఒప్పుకుంది. ఆ గదిలో తొమ్మిది మంది పిల్లలు. వాళ్లకు మూతులు తుడవాలి, బువ్వ తినిపించాలి, జోకొట్టాలి, తన్నుకుంటే విడదీయాలి. ఇన్ని పనులు నోరు మూసుకుని చేయడం ఆమె వల్ల కాదు. అక్కడ ఇరవై మాటల లెక్క చూసేవాళ్లు లేరు. ఆమె తన మాట తను మాట్లాడింది, పిల్లలు విన్నారు. ఏడాది గడిచింది.

పద్దెనిమిది నెలలు నిండాయి. ప్రగతి పరిశీలించడానికి మంత్రిగారు వచ్చారు. పూలమాలలు, నిఘంటువు, వ్యాకరణం నాలుగు సంపుటాలు, పట్టిక ముద్రించిన గొడుగులు అన్నీ చూపించారు. మంత్రిగారు ఓపిగ్గా చూసి, "ఇంతకీ భాష ఏదీ? ఎవరైనా మాట్లాడండి, వింటాను," అన్నారు.

ఈ ప్రశ్న వస్తుందని ఎవరూ అనుకోలేదు. అరవై నలుగురూ వెనక్కి జరిగారు. భార్గవను ముందుకు తోశారు. అతను స్వాగత వాక్యం మొదలుపెట్టి, పదమూడో మాట తమిళమా ఒడియానా అని చెమటలు కక్కుతూ నిలబడిపోయాడు. మంత్రిగారి చేతిలో టీ చల్లారింది.

అప్పుడు పక్క గదిలోంచి గోల వినిపించింది. అధ్యక్షులవారి మనవరాలు మేధస్వి గొంతు. "ఏయ్, నా బొమ్మ దేదో. పారు మామ్మా, ఈడు లాగీసినాడు. నీ ఆట నాకు వేండా, బస్, పో."

అధ్యక్షులవారి మొహం పాలిపోయింది. ఇంట్లో ఇంగ్లీషు తప్ప వినపడని పిల్ల. మంత్రిగారు మాత్రం లేచి ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. లోపల తొమ్మిది మంది పిల్లలు ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చేసుకుంటున్నారు, కాసులమ్మ అదే మాటలో తీర్పులు చెబుతోంది. మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇదేనయ్యా. అచ్చం ఇదే. ఆ దీవిలో కూడా దొరల పిల్లల్ని పెంచింది నల్లజాతి ఆయాలేనట. వాళ్ల ఒళ్లో కూర్చుని పిల్లలు ఆ మాట నేర్చుకుని, పెద్దయ్యాక దొరల భోజనాల బల్ల మీదకు కూడా తెచ్చారని అక్కడి గైడు చెప్పాడు. మీకీ ఉపాయం ఎలా తట్టింది?"

అధ్యక్షులవారు ఒక్క క్షణమే తడబడ్డారు. "ఆ నమూనానే క్షేత్రస్థాయిలో అమలుపరచితిమి సార్. ఫలితములు వచ్చువరకు గోప్యముగా ఉంచితిమి," అన్నారు.

ఆ వారమే కొత్త జీవో. సమ్మిశ్ర భాష మాతృభాషగా గల తొలి తరము మొగపాలెంలో ఆవిర్భవించినది. ఇకపై పట్టా పరీక్షలు మాతృభాషీయులే నిర్వహించవలెను. మాతృభాషీయులనగా సంస్థ ఏర్పడిన పిమ్మట మాట్లాడుట ప్రారంభించినవారు. ఆ లెక్కన రాష్ట్రం మొత్తం మీద తొమ్మిది మంది తేలారు, అందులో ఇద్దరికి ఇంకా పాలపళ్లు పూర్తిగా రాలేదు. కాసులమ్మ పేరు కూడా చేర్చాలని ధర్మారావు ఫైలులో రాశాడు. భాష ఏర్పడక పూర్వము మాట్లాడినది భాష కాజాలదు అని రాసి ఫైలు తిప్పి పంపారు.

అయినా ఆమెకు ఒక దారి దొరికింది. మళ్లీ పరీక్షకు కూర్చోవచ్చు. నెగ్గితే గట్టు ఎక్కవచ్చు.

ఈసారి ఎదురుగా మేధస్వి కూర్చుంది. కుర్చీ అందకపోతే కింద వ్యాకరణం నాలుగు సంపుటాలు వేశారు. ప్రశ్నపత్రం చేతికిచ్చారు. పిల్ల దాన్ని తిరగేసి చూసి, పడవ చేసిపెట్టమని ఆయాకు ఇచ్చింది. పరిశీలకులు ప్రశ్నపత్రము మాతృభాషీయులచే సవరించబడినది అని రాసుకున్నారు.

"మామ్మా, ఆకలి. మాచ్ఛొ దే," అంది మేధస్వి.

"ఇప్పుడేటి మాచ్ఛొ? పరీచ్చ అవనీ, చలో, ఇంటికెల్లి తిందువు గాని. కూసో, కదలకు, బస్."

"సంభాషణ సహజముగా ఉన్నది," అని ఒకాయన అన్నాడు. ఇదివరకు ఆమె మాటలను వేళ్లు మడిచి లెక్కపెట్టింది ఆయనే. మార్కులు వేయమని పెన్ను ఇస్తే పిల్ల కాగితం మీద ఒక సున్నా చుట్టి తోక తగిలించింది. అది ఆరా తొమ్మిదా అని ఉపసంఘం వేశారు. సంస్థ పొదుపు పాటిస్తోంది గనక ఆరుగా ఖాయం చేశారు. పదికి ఆరు, ప్యాసు.

పట్టా తీసుకోవడానికి కాసులమ్మ ఆఫీసుకు వెళ్లింది. ధర్మారావు పట్టా బయటికి తీశాడు, దాంతోపాటు ఒక కాగితం కూడా తీశాడు. కళ్లెత్తి చూడకుండా చదివాడు.

"ఇందుమూలముగా నేను ధ్రువీకరించునదేమనగా, సంస్థ ఏర్పడక పూర్వము నాకు ఈ భాష రాదు. మా ఇంట ఎవరును ఈ భాష మాట్లాడి ఎరుగరు. సంస్థవారి శిక్షణ వలననే నేర్చుకొంటిని." చదివి కాగితం ఆమె ముందు పెట్టాడు. తర్వాత, "సంతకం పెట్టాల పిన్నీ," అన్నాడు.

"మా ఇంట ఎవులూ అంటే, మాయమ్మ కూడానా?"

"అందరూ వస్తారు అందులో."

కాసులమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మాయమ్మ నా కన్నా ముందు ముప్పయ్యేళ్లు పాడింది ఆ గట్టు మీద. ఆవిడ నోట్లోంచి నాను తీసుకున్నాను బాబూ. ఒక్క మాట కూడా నాను సొంతంగా సేసింది గాదు. పారు అంటే సూడమని, నాలుగేళ్ల పిల్లప్పుడు ఆవిడే సెప్పింది."

"తెలుసు పిన్నీ. మాయమ్మ కూడా అదే మాట్లాడేది. నా చేత కూడా పెట్టించారు ఈ సంతకం, ఉద్యోగంలో చేరిన రోజునే," అన్నాడు ధర్మారావు.

కిటికీలోంచి జెట్టీ కనపడుతోంది. పడవలు వస్తున్నాయి. కొత్తవాడెవడో పట్టిక పట్టుకుని గట్టెక్కుతున్నాడు. ఇవాళ సంతకం పెడితే రేపు తెల్లారేసరికి అక్కడ తను ఉంటుంది. పెట్టకపోతే ఇంక ఎప్పటికీ ఉండదు. ఆమెకు అమ్మ మీద ప్రేమ ఎంతో గట్టు మీద ప్రేమ కూడా అంతే, రెండూ ఒకటే అనుకుని ఇన్నాళ్లూ బతికింది. రెండిట్లో ఒకటి ఎంచుకోమని అడిగే కాగితం ఉంటుందని ఆమెకు తెలియదు.

పెన్ను తీసుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. పెట్టాక కాగితాన్ని ధర్మారావు వైపు తోసింది.

"మాయమ్మ సచ్చిపోయింది గాబట్టి సరిపోయింది. బతికుంటే ఆవిడకీ పరీచ్చ ఎట్టీవోరేటి బాబూ?"

గుమాస్తాగిరీ అలవాటు కొద్దీ ధర్మారావు చెయ్యి నిబంధనల పుస్తకం మీదికి వెళ్లింది. పేజీలు తిప్పి వేలు పెట్టి చదివాడు.

"చనిపోయినవాళ్లకి మార్చి నెలాఖరు దాకా మినహాయింపు ఇచ్చారు పిన్నీ," అన్నాడు.